విశ్వాసమ్మ తర్వాత గిన్నె ఎవరు తాగాలి

మా జేజికి, అంటే అమ్మను కన్న తల్లికి, భయం లేని వస్తువు ఈ లోకంలో ఏదైనా ఉందా అని మా అమ్మ ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టబోయి, ఒక్క వేలు కూడా మడవలేక ఊరుకుంది. కుక్క ఏడిస్తే భయం, గూబ కూస్తే భయం, పిల్ల తుమ్మితే భయం, తుమ్మిన పిల్ల నవ్వితే ఇంకా భయం. తెల్లవారి లేవగానే ఆమె చేసే మొదటి పని మా అమ్మ మెడ కింద చెయ్యి పెట్టి చూడడం. అమ్మకు పెళ్ళయి, మేమంతా పుట్టినాక కూడా ఆ చెయ్యి ఆగలేదు. బతికే ఉన్నాలే అని అమ్మ విసుక్కునేది. జేజి ఆ మాట నమ్మకుండా చేతిని ఇంకాసేపు అక్కడే ఉంచేది.

ఇలాంటి మనిషి పేరు విశ్వాసమ్మ. దేవుడికి కూడా ఎకసెక్కాలు తెలుసని నాకు అనిపించేది ఆ పేరు వల్లనే. కానీ మా వాడలో ఏ ఇంట్లో వాంతులు, బేదులు పట్టుకున్నా ముందుగా ఆ గడప తొక్కేది కూడా ఆమే. ఏడుస్తూ పోయేది, కాళ్ళు వణుకుతూ పోయేది, పోవడం మాత్రం మానేది కాదు. స్వాతంత్య్రం వచ్చిన యేడు, ముంగారు వానలకు ముందు, అలాగే ఒకరి ఇంటికి పోయి వచ్చి పడుకుని మళ్ళీ లేవలేదు.

మా గుడి గోడలో ఒక నాపరాతి బండ ఉంది. సంఘం పెట్టిన మిషను దొరల పేర్లు దాని మీద చెక్కారు. ఏటా పండుగకు ఎవరో ఒక కొత్త పాస్టరు దాని ముందు నిలబడి, మన పెద్దలు నిర్భయులు అని మొదలుపెడతాడు. నాకు ఒళ్ళు మండుతుంది. నిర్భయులు ఎవరయ్యా? మా వాళ్ళు నిండా భయపడ్డారు. వదిలిన దేవతకు భయపడ్డారు, పట్టుకున్న దేవుడికి అంతకంటే ఎక్కువ భయపడ్డారు. ఆ రెండు భయాల మధ్య ఇరుక్కున్న ఒక ఆడమనిషి కథ నాకు తెలుసు. దొరల పేర్లు బండ మీద ఉన్నాయి గనుక వాటితో నాకు పని లేదు.

మా ఊరు ఎర్రబండ. కోడుమూరు నుంచి పొద్దున బయలుదేరితే ఎండ ముదరకముందే చేరుకోవచ్చు. ఎర్రనేల, జొన్న, కొర్ర, వాన కురిస్తే ఆముదాలు. ఊరి పొలిమేరలో సుంకులమ్మ గుడి. మా జేజి తల్లికి పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈసారి పుట్టినదానికి ఆ దేవత పేరే పెట్టింది. బిడ్డ నీదే తల్లీ, నా దగ్గర పెంచుకుంటా, అని మొక్కిందట. ఆ బిడ్డ బతికింది. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమె విన్న మాట ఒక్కటే, నువ్వు అమ్మవారి సొత్తు, ఆమె ఎప్పుడు అడిగితే అప్పుడు ఇచ్చెయ్యాల్సిందే అని. అలా పెరిగిన మనిషికి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

మా తాత దాసన్న కపిల బావులకు తోలుతొండాలు కుట్టేవాడు. రెడ్ల బావుల్లో నీళ్ళు పైకి రావాలంటే మాదిగవాడ చేతులు కావాలి. ఆ నీళ్ళు తాగడానికి మాత్రం ఆ చేతులు పనికిరావు. మా వాడంతా ఒక్కసారిగా ఎందుకు క్రైస్తవంలో కలిసిందంటే ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్తారు. బావి తవ్విస్తామన్నారని కొందరు, అక్షరాలు నేర్పిస్తామన్నారని కొందరు అంటారు. మా తాతను అడిగితే, పేరు చివర 'గాడు' లేకుండా మమ్మల్ని పిలిచిన మొదటి మనిషి ఏసేపు ఉపదేశి, అందుకని, అనేవాడట.

బాప్తిస్మానికి ముందు దినం ప్రతి ఇంటివాళ్ళు తమ ఇంటి దేవర సామాను తెచ్చి ఒక గంపలో వేశారు. దీపపు సెమ్మెలు, గజ్జెలు, బండారు భరిణెలు. బండారు అంటే అమ్మవారి పసుపు. సుంకులమ్మ పేరు పోయి విశ్వాసమ్మ అయిన మా జేజి సెమ్మె ఇచ్చింది, గజ్జెలు ఇచ్చింది. తల్లి దగ్గరి నుంచి వచ్చిన బండారు కుప్పె మాత్రం దూలం సందులో దాచుకుంది. పూజ చెయ్యడానికి కాదు. పారేస్తే ఏమవుతుందో అని.

ఏసేపు ఉపదేశి, అంటే దొర లేనప్పుడు మాకు వాక్యం చెప్పేవాడు, రాజంపేట వైపు నుంచి వచ్చినవాడు, మాల కులస్థుడు. మనిషి సన్నం, గొంతు పెద్దది. ఆయన భార్య కృపమణి ఇంటింటికీ తిరిగి గడపల మీద కూర్చుని ఆడవాళ్ళకు అక్షరాలు దిద్దించేది. మా జేజికి చదవడం వచ్చిందంటే ఆమె పుణ్యమే. ఆమె మంచిదని చెప్పడానికి మా వాడలో సాక్షులు అక్కరలేదు. ఒక్కటే విచిత్రం, ఎవరింట్లోనూ ఆమె గుక్కెడు నీళ్ళు ముట్టేది కాదు. ఇప్పుడే తాగి వస్తినమ్మా, అనేది. ఆ ఎండల్లో ఎప్పుడు చూసినా ఇప్పుడే తాగి వచ్చే మనిషిని చూసి మా వాళ్ళకు అనుమానం రాలేదు. వచ్చినా, అంత మంచి మనిషి గురించి అనుకోవడానికి నోరు రాలేదు.

కర్నూలు నుంచి దొర వచ్చినప్పుడే మాకు బల్ల. ప్రభువు బల్ల తీసుకోవడం అంటే రొట్టె విరిచి, ద్రాక్షరసం గిన్నె అందరూ తాగడం. ఏడాదిలో ఏదో ఒకటి రెండుసార్లు. ఎండుద్రాక్ష నానబెట్టి పిసికిన రసం, ఒకే ఇత్తడి గిన్నె. దొర మొదట తాగి ఉపదేశికి ఇస్తాడు, ఆయన సంఘపెద్దలకు, అక్కడి నుంచి మగవాళ్ళ వరస, తర్వాత ఆడవాళ్ళ వరస. ఆడవాళ్ళ వరస కొసన మా జేజి, ఆమె పక్కన ముసలి ఓబులమ్మ, ఆ పక్కన కంబన్న భార్య మార్తమ్మ, అందరికంటే చివర కృపమణి. ఉపదేశి భార్య అయ్యుండీ చివర కూర్చునే ఆమె తగ్గింపును మా వాళ్ళు పొగడని దినం లేదు. గిన్నె అందించే ముందు ఏసేపు ఒక హెచ్చరిక చెప్పేవాడు. లోపల ఒకటి, బయట ఒకటి పెట్టుకుని ఈ గిన్నె తాగినవాడు తన శిక్షను తానే తాగుతాడు, పూర్వం ఒక పట్నంలో ఇట్లాగే తాగి శానామంది జబ్బుపడి చచ్చిపోయారు, అని. ఆయన గొంతుకు ఆ మాట పైకప్పు ఆకుల్లో గింగురుమనేది. మా వాళ్ళకు అది కొత్త మాట కాదు. అమ్మవారు కూడా సరిగ్గా అట్లాంటిదే గదా.

మొదటి పెద్ద యుద్ధం ముగియబోతున్న యేడు, ఎండాకాలంలో, మా అమ్మకు అమ్మవారు పోసింది. అప్పటికి మా అమ్మ జ్ఞానమణి పలక పట్టే వయసు కూడా లేని పిల్ల. అంతకుముందు పుట్టిన ఇద్దరూ మట్టిలో కలిసిపోయారు. ఒంటి మీద వేలు పెట్టడానికి సందు లేకుండా పొక్కులు. కృపమణి దినమూ వచ్చి గడప బయట కూర్చుని ప్రార్థన చేసేది. ఒక మధ్యాహ్నం ఆమె లేచిపోయినాక, మా తాత తొండం కుట్టను పోయి ఉన్నప్పుడు, జేజి దూలం సందులో చెయ్యి పెట్టింది. పిల్ల నుదుటికీ అరికాళ్ళకూ బండారు రాసింది. బిడ్డను విడిచిపెట్టు తల్లీ, నీ బండారును నా ఇల్లు దాటనియ్యను అని మాట ఇచ్చింది.

పిల్ల బతికింది. ముఖం నిండా గుంటలతో, కానీ బతికింది. మా తాత గుడిలో లేచి నిలబడి, యేసుప్రభువు నా బిడ్డను కాపాడినాడప్పా అని సాక్ష్యం చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. జేజి తల వంచుకుని నేలమీద గీతలు గీసింది.

ఆ వానాకాలం వాన మొహం చాటేసింది. జొన్న మొలిచిన చోటే ఎండింది. ఆ తర్వాత దొర వచ్చాడు, బల్ల పెట్టారు. జేజి ఇంట్లో ఉండిపోవచ్చు. ఉండిపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. అడిగితే చెప్పాలి, చెప్తే కుప్పె ఇచ్చెయ్యాలి, ఇస్తే బిడ్డ పోతుంది. అందుకని పోయి కూర్చుంది. ఏసేపు ఎప్పటి హెచ్చరికే చెప్పాడు. గిన్నె వచ్చింది. తాగి ఓబులమ్మకు అందించింది. రసం గొంతులో దిగుతుంటే కాలిందని, అది అబద్ధం కాదని, ముసలితనంలో కూడా మా అమ్మతో చెప్పేది.

దొర పోయిన కొద్ది దినాలకే ఊళ్ళోకి గాలిజొరం వచ్చింది. పొద్దున తల నొప్పి అన్న మనిషి మాపటికి ఊపిరి అందక పెదవులు నల్లబడి పోయేవాడు. రెడ్ల ఇండ్లలోనూ పోయారు, తురకల గేరిలోనూ పోయారు. ఎవరి వీధి వాళ్ళు ముళ్ళకంపలు అడ్డం వేసుకున్నారు. మా వాడ నుంచి ఎవరూ ఊళ్ళోకి రాకూడదన్నారు. రాకపోతే తిండి ఎక్కడిదని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మా తాత గుంతలు తవ్వేవాడు. వాన లేని నేల గడ్డపారను ఎగరగొట్టేది.

మా వాడలో ముందుగా పోయింది ముసలి ఓబులమ్మ. ముసలిది గదా అనుకున్నారు. తర్వాత మార్తమ్మ పోయింది. ఆమె ముసలిది కాదు, రాయిలాంటి మనిషి. మార్తమ్మను గుంతలోకి దించుతున్నప్పుడు జేజికి ఉన్నట్టుండి అర్థమైంది. ఓబులమ్మ, మార్తమ్మ. తన తర్వాత గిన్నె తాగినవాళ్ళు, తాగిన వరసలోనే. తన పెదవులు ఆనిన అంచుకే వాళ్ళు పెదవులు ఆనించారు. ఇంక వరసలో మిగిలింది ఒక్కరే. తనకు అక్షరాలు దిద్దించిన మనిషి.

ఇప్పటి డాక్టర్లను అడిగితే, ఒకే గిన్నె తాగితే జొరం అంటుకోదా అంటారు. వాళ్ళ మాట నేను కాదనను. జేజికి మాత్రం అది అంటుజబ్బు కాదు, తీర్పు. తను దాచిపెట్టిన పసుపుకు పక్కవాళ్ళు చస్తున్నారు. గుంత దగ్గర అందరూ ఏడుస్తుంటే ఈమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది, తన ఊపిరి ఎవరికీ తగలకూడదని. మా తాతతో కూడా చెప్పలేదు. చెప్తే ఆయన కుప్పె తీసి నేలకేసి కొడతాడు. అప్పుడు సుంకులమ్మ బిడ్డను అడుగుతుంది.

అప్పటినుంచి ఆమె పని కృపమణిని చూడడమే. నీళ్ళకు పోతూ చూసేది, కట్టెలకు పోతూ చూసేది. ఆమె దగ్గితే ఈమెకు చెమటలు పట్టేవి. ఒక మధ్యాహ్నం ఉపదేశి ఇంటి తలుపు మూసి ఉంది. కృపమణికి పొద్దుటి నుంచి జొరమని ఎవరో చెప్పారు.

జేజి ఇంటికి వచ్చి కూర్చుంది. పిల్ల మూలన పడుకుని నిద్రపోతోంది. నోరు మూసుకుంటే బిడ్డ దక్కుతుంది, కృపమణి పోతుంది. నోరు తెరిస్తే కృపమణి బతకవచ్చు, బిడ్డ పోతుంది. ఎవరిని అడగాలి? దేవుడిని అడుగుదామంటే ఆయన కోపమే ఇది. అమ్మవారిని అడుగుదామంటే ఆమె అడిగేది బిడ్డనే. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు శిష్యరికం అంటే ఏమిటో నాకు చాలాసార్లు చెప్పారు. ఆ పొద్దు ఆ కొట్టంలో మా జేజి ఒక్కతే కూర్చున్న కూర్చోవడం వాళ్ళు ఎవరూ కూర్చోలేదని నా నమ్మకం.

ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. లేచి, పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. ఇదే చివరిసారి అనుకుంది. దూలం సందులో నుంచి కుప్పె తీసి కొంగులో కట్టుకుని, ఏడుస్తూ ఉపదేశి ఇంటికి పోయింది.

ఏసేపు తలుపు తీశాడు. ఆమె లోపలికి పోలేదు. గడప బయటే మోకాళ్ళ మీద కూలబడి కుప్పెను ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"అయ్యగారూ, ఈ జొరం తెచ్చింది నేనే. బండారు ఇంట్లో పెట్టుకోని బల్ల తీసుకున్నా. నా ఎనక తాగినోళ్ళు వరసగా పోతాండారు. ఇంగ మిగిలింది అమ్మగారే. నన్నేమన్నా సేయండి, ఆమెను బతికించమని దేవునికి సెప్పండి."

ఏసేపు ఆ కుప్పె వంక చూశాడు గానీ వంగి ముట్టలేదు. ఆయన చిన్నప్పుడు ఆయన ఇంట్లోనూ అలాంటిది ఉండేదేమో. పసుపు చూస్తే ఆయనకు కూడా వాళ్ళ అవ్వ చెప్పిన మాటలే గుర్తొచ్చి ఉంటాయి. అప్పుడు లోపల చాప మీద నుంచి కృపమణి ఆమెను పిలిచింది. జేజి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

"నేనా గిన్నె తాగలేదు, విశ్వాసమ్మా," అంది కృపమణి. ఊపిరికీ ఊపిరికీ మధ్య మాట్లాడుతోంది. "ఆ పొద్దే కాదు, ఈ ఊరికొచ్చినప్పటినుంచి ఎన్నడూ తాగలేదు. పెదవులకు ఆనిచ్చినట్ల సేసి దించేస్తాండా. మీ ఎంగిలి మింగను నాకు మనసొప్పలేదు. ఎవురికీ తెలీకూడదనే సివర కూసుంటాంటి."

జేజికి మొదట ఆ మాట తలకెక్కలేదు. గిన్నె తాగనే లేదంటే మరి జొరం ఎట్లా వచ్చింది? తన లెక్క తప్పింది. అంటే ఓబులమ్మను, మార్తమ్మను తను చంపలేదేమో. గుండె మీది బండ కొంచెం కదిలింది. ఆ వెనకనే రెండో మాట లోపలికి దిగింది. మీ ఎంగిలి. ఇన్నేండ్లు గడప మీద కూర్చుని చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించిన మనిషి, ఎండలో నాలుక పిడచగట్టినా ఇప్పుడే తాగి వస్తినమ్మా అన్న మనిషి. ఎప్పుడో ఒక రెడ్డి చెప్పు విసిరినప్పుడు కూడా జేజికి అంత నొప్పి కలగలేదట. లేచి పోదామనుకుంది.

కృపమణి నీళ్ళు అడిగింది. ఏసేపు ముంతతో తెచ్చాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆమె తాగి ఇయ్యల్ల," అంది.

జేజి వెనక్కి జరిగింది. వద్దమ్మగారూ, నా నోరు మంచిది కాదు, అని చేతులు జోడించింది. లెక్క తప్పిందని బుద్ధి చెప్తున్నా, భయం బుద్ధి మాట ఎప్పుడు విన్నది? తను తాగిన నీళ్ళు ఈమె తాగితే ఇప్పుడైనా చస్తుంది.

"ఇయ్యక్కా," అంది కృపమణి. అంతవరకు ఆమె మా వాళ్ళలో ఎవరినీ అక్కా అనలేదు.

జేజి ముంత ఎత్తి ఒక గుక్క తాగింది. సగం నీళ్ళు రవికె మీద పడ్డాయి. తను తాగిన వైపు తిప్పేసి అందించబోతే, కృపమణి తన చేత్తో దాన్ని మళ్ళీ ఇటు తిప్పుకుని తాగింది. మింగింది. మింగేటప్పుడు గొంతు కదలడం జేజి కళ్ళారా చూసింది.

ఏసేపు అప్పుడు కుప్పెను ఎత్తాడు. బిడ్డ గురించి భయం లేదా అని అడిగాడు. ఉందని జేజి చెప్పింది. నాకూ ఉంది అని, ఆయన దాన్ని పొయ్యిలో కుమ్మరించాడు. పసుపు కాలిన వాసన ముక్కుకు తగలగానే జేజి ఇంటికి పరుగెత్తింది. పిల్ల మెడ కింద చెయ్యి పెట్టింది. అప్పుడు పెట్టిన చెయ్యే, ఆమె చచ్చిపోయేదాకా తియ్యలేదు.

కృపమణి మరుసటి దినం పొద్దెక్కకముందే పోయింది.

ఆమె బతికిందని రాయగలిగితే నాకు సంతోషంగా ఉండేది. బతకలేదు. తన నోటి నీళ్ళకే పోయిందని జేజి తల బాదుకుంది. మా తాతా, ఏసేపూ కలిసి గుంత తవ్వారు, మోయడానికి మనుషులు లేక జేజి కూడా ఒక పక్క పట్టింది. మా అమ్మకు జొరం రాలేదు. ఎందుకు రాలేదో జేజికి ఎన్నటికీ అర్థం కాలేదు. రేపు వస్తుందని చూసేది, ఎల్లుండి వస్తుందని చూసేది. దక్కిన బిడ్డను చూసి సంతోషపడడం కూడా ఆమెకు చేతకాలేదు.

జొరం తగ్గినాక మిగిలినవాళ్ళు గుడిలో కూడారు. సగం చాపలు ఖాళీ. ఏసేపు లేచి ఏదీ దాచకుండా మూడు తప్పులు చెప్పాడు, జేజి తప్పు, తన భార్య తప్పు, తన తప్పు. భార్య తాగడం లేదని ఆయనకు తెలుసట. చివరకు గిన్నె తన చేతికి తిరిగి వచ్చేటప్పుడు బరువు తెలియకపోతుందా? ఆ మిగిలిన రసం ఆయన కూడా తాగకుండా గోడ పక్కన మట్టిలో పోసేవాడు.

గుడిలో గోల లేచింది. సంఘపెద్ద ఈరన్నకు ఎవరి మీద ముందు కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. మాలోళ్ళు గుడిలో కూడా మమ్మల్ని అంటుకోరా అని ఏసేపు మీద విరుచుకుపడ్డాడు. ఆ నోటితోనే, విశ్వాసమ్మను మాత్రం వెలివెయ్యాల్సిందే అన్నాడు. కృపమణి తాగకపోతే తాగకపోయింది, ముంతలో నీళ్ళు తాగింది గదా, తెల్లారేటప్పటికి పోయింది గదా. ఆ నోటి ఎంగిలి తగిలినవాళ్ళు బతకరు, పిల్లాజెల్లా గలవాళ్ళం, ఆమె ఉన్న వరసలో మా ఆడవాళ్ళు కూర్చోరు, అన్నాడు.

"ఎంగిలికి భయపడేటోళ్ళకు ఒకే గిన్నె ఏంటికి ఈరన్నా?" అన్నాడు ఏసేపు. "ఎవురింట్లో వాళ్ళు తాగొచ్చు. అందరూ ఒక ఎంగిలి తాగేదానికి గదా గుడి కట్టుకున్యాం. నేనే ఇన్నాళ్ళు మీ ఎంగిలి తాగలేదు."

అంత పెద్ద గొంతూ ఆ పొద్దు పక్కవాడికి వినపడేంతే లేచిందట.

దొర వచ్చి అంతా విన్నాడు. ఆ బల్లకు విశ్వాసమ్మ చెప్పుల దగ్గర వాకిట్లో కూర్చోవాలన్నాడు. ఆమె కూర్చుంది. ఏసేపును తీసేద్దామంటే, జొరానికి ఉపదేశులు కూడా కరువైపోయారు. అందుకని ఉండమన్నాడు. ఆ తర్వాతి వానలకు మళ్ళీ బల్ల వచ్చింది. ఈసారి ఆమె వరసలో కూర్చోవచ్చు.

మా తాత బలవంతం మీద జేజి పోయి తన పాత చోట కూర్చుంది. పక్కన ఎవరూ లేరు. ఆడవాళ్ళంతా జరిగి జరిగి అవతలి గోడకు ఆనుకున్నారు. వాళ్ళకూ ఆమెకూ మధ్య ఒక చాప పరిచేంత నేల. జేజి వాళ్ళను తప్పు పట్టలేదు. తను వాళ్ళ చోటులో ఉంటే ఇంకా దూరం జరిగి ఉండేదట.

దొర గిన్నె ఎత్తి తాగి, ఎప్పటిలా ఏసేపుకు ఇచ్చాడు. ఏసేపు తాగకుండా పక్కకు అందించాడు. అది చూసి అందరి ముఖాలూ పాలిపోయాయి. ఈయన లోపల ఇంకా ఏ పాపం ఉందో అనుకున్నారు. గిన్నె మగవాళ్ళ వరస తిరిగి జేజి దగ్గరికి వచ్చింది. ఆమె తాగింది. తాగి, ఎడమ వైపుకు చాచింది. తీసుకోవడానికి ఎవరూ లేరు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, కింద పెట్టడానికి అది పెట్టే గిన్నె కాదు. గోడ దగ్గర నుంచి ఒక్కరు కూడా కదలలేదు. ఒరిగిన గిన్నె అంచు నుంచి రసం మోచేతి మీదికి కారుతోంది.

అప్పుడు ఏసేపు దొర పక్కన నుంచి లేచాడు. మగవాళ్ళ వరస దాటి వచ్చి, ఆడవాళ్ళ వరసలో, మా జేజి పక్క ఖాళీ నేల మీద కూర్చున్నాడు. మా గుడిలో మగమనిషి అటు కూర్చోవడం అంతకుముందు లేదు. గిన్నె ఆమె చేతిలో నుంచి తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని తాగాడు. తర్వాత మార్తమ్మ కూతురి వైపు గిన్నె చాచి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల శానాసేపటికి జరిగి వచ్చింది.

ఆ బల్ల దాటినాక జేజికి తిండి సహించలేదు. పొద్దున్నే మా అమ్మ మెడ చూసుకుని, వాకిట్లోకి వచ్చి ఉపదేశి ఇంటి వైపు చూసేది. పొయ్యి పొగ లేస్తే మనిషి ఉన్నట్టు. ఒక పొద్దున పొగ లేవలేదు. ఎండ పడింది, అయినా లేవలేదు. జేజి గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. చూస్తే ఏసేపు గడప మీద కూర్చుని, తడి కట్టెల్ని తిట్టుకుంటూ పుల్లలు విరుస్తున్నాడు.

ఆమె రొప్పుతూ నిలబడిపోయింది. ఎందుకొచ్చిందో ఆయనకు అర్థమైంది.

"నేను బతికుండానో లేదో సూడను వస్తివా విశ్వాసమ్మా?" అన్నాడు.

ఆమె అవునని తల ఊపింది.

"నేనూ దినామూ లేసి మొదట అదే సూసుకుంటాండా," అన్నాడు ఏసేపు.